ఇవాళ హార్మోనిస్టు మారాడు

తెనాలిలో మా పాత ఇల్లు ఖాళీ చేస్తున్నాం. అటక మీద సామాను దింపే పని నా మీద పడింది. ఇత్తడి గుండిగలు, ఆవకాయ జాడీలు, పిడి ఊడిన తిరగలి, ఎందుకు దాచారో తెలియని నా పదో తరగతి గైడ్లు అన్నీ దించాక, మూలన పాత దుప్పటి చుట్టిన చెక్కపెట్టె ఒకటి మిగిలింది. దుప్పటి లాగగానే వాసన గుప్పుమంది. పాత చెక్క, కర్పూరం, ఎలుకల కంపు, మూడూ కలిసిన వాసన. తాతయ్య హార్మోనియం.

మూత ఎత్తానో లేదో, లోపలి నుంచి చిట్టెలుక ఒకటి ఎగిరి, హార్మోనియం మెట్ల మీద ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెత్తి, అక్కడి నుంచి నా మోచేతి మీదకెక్కి, భుజం మీదుగా దూకి చీకట్లోకి పోయింది. నేను పెట్టిన కేకకి కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డ చెల్లెలు దాన్ని వదిలేసి గుమ్మం దాకా పరిగెత్తింది. నిచ్చెన కింద పడింది.

"ఏమైంది అన్నయ్యా? పామా?"

"కాదే. జెర్రీ."

అది గడప మీదే కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఆగేదాకా నన్ను దింపే నాథుడు లేడు. సరే అని హార్మోనియం పక్కన చతికిలబడి లోపలికి చూశాను. తిత్తి గుడ్డ కొరికేసి ఉంది. తాతయ్య పద్యాలు రాసుకున్న నోటుబుక్కు కాగితాలు సన్నగా పీలికలై, రీడ్ల పక్కన మెత్తటి గూడుగా మారాయి. ఎలుక అన్ని మెట్లనీ తొక్కుకుంటూ పోయినా ఒక్క స్వరమూ పలకలేదు, తిత్తిలో గాలి లేదుగా. తాతయ్య ఉంటే ఆ పరుగును ఊరికే పోనిచ్చేవాడు కాదు.

*

తాతయ్య పద్యనాటకాలకు హార్మోనిస్టు. మా ఊరి వాళ్ళకు ఈ ఒక్క మాట చాలు. మిగతావాళ్ళకు కొంచెం చెప్పాలి. నాటకమంటే రాత్రి పదింటికి మొదలై తెల్లారేదాకా సాగేది. నటుడు పద్యం ఎత్తుకుని చివర రాగం తీస్తాడు. ఎంతసేపు తీస్తాడో, ఎటు తిప్పుతాడో అతనికే తెలియదు. హార్మోనిస్టు అతని వెనకే పోవాలి. "ముందు పోతే నటుడికి కోపం, వెనకబడితే జనానికి కోపం" అనేవాడు తాతయ్య. జనం వన్స్‌మోర్ అంటే చచ్చిపడిన పాత్ర కూడా లేచి పద్యం మళ్ళీ అందుకునేది. హార్మోనియమూ దానితో పాటు లేవాలి. నటుడు పద్యం మర్చిపోతే మొదటి ముక్క మెట్ల మీదే అందించాలి. రాజు వస్తుంటే ఒక నడక, బంటు పరిగెత్తుకొస్తుంటే ఇంకో నడక.

ఇంట్లో ఎవరొచ్చినా తాతయ్య చెప్పే కథ ఒకటుంది. రేపల్లె వైపు ఒక ఊళ్ళో నాటకం. దుర్యోధనుడి వేషం కట్టినాయన స్టేజి మీదకి దర్జాగా నడిచొస్తూ, పంచె కాళ్ళకు అడ్డంపడి బోర్లా పడ్డాడు. కిరీటం ఊడి దొర్లడం మొదలుపెట్టింది. తాతయ్య చెయ్యి ఊరుకోలేదు. కిరీటం దొర్లుతున్నంతసేపూ పైమెట్ల నుంచి కిందమెట్లకు గిరగిరా స్వరాలు దించి, అది స్టేజి అంచున ఆగీ ఆగగానే అడుగున ఒక్క మెట్టు గట్టిగా నొక్కాడట. జనం పడీపడీ నవ్వారు. వన్స్‌మోర్ అన్నారు. దుర్యోధనుడు మటుకు ఆరు నెలలు తాతయ్యతో మాట్లాడలేదు.

ఇది ప్రతిసారీ చెప్పేవాడు. ప్రతిసారీ కిరీటం ఇంకొంచెం ఎక్కువ దూరం దొర్లేది.

*

మా వీధికి కేబుల్ వచ్చేనాటికి తాతయ్యకు పిలుపులు దాదాపు ఆగిపోయాయి. ఎప్పుడైనా శ్రీరామనవమి పందిట్లో కూర్చోబెట్టేవాళ్ళు. మిగతా రోజుల్లో వాకిట్లో మడత కుర్చీ, చేతిలో విసనకర్ర.

మాది షట్టర్ ఉన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ. పక్కన పన్నెండు మీటలు. అంటే కేబుల్ ఆయన ఎన్ని చానెళ్ళు పంపినా మాకొచ్చేవి పన్నెండే. తొమ్మిదో మీట మీద కార్టూన్ నెట్‌వర్క్. తెల్ల గళ్ళు, నల్ల గళ్ళు ఉన్న ఆ లోగో కనబడితే ఇక అన్నం కూడా టీవీ ముందుకే రావాలి. చీకటి పడితే అదే చానెల్లో పాత ఇంగ్లిష్ సినిమాలు మొదలయ్యేవి. కోటూ టోపీ పెట్టుకున్న మనుషులు గుసగుసలాడుకుంటుంటే మేం టీవీ షట్టర్ మూసేసేవాళ్ళం, కొట్టు కట్టేసినట్టు.

టామ్ ఏ రంగో, జెర్రీ ఏ రంగో మాకు చాలాకాలం తెలియదు. మా టీవీలో ఇద్దరూ బూడిదే. వీధి చివర ఇంటివాళ్ళు కలర్ టీవీ కొన్న రోజున పిల్లలమంతా కిటికీ చువ్వలకు వేలాడి చూశాం. జెర్రీ గోధుమ రంగు! ఇంటికొచ్చి చెల్లెలు అందరికీ చాటింపు వేసింది. తాతయ్య విసనకర్ర ఆపకుండానే, "రంగుదేముందమ్మా, రంగు అద్దకపోయినా వేషం వేషమే" అన్నాడు.

ఇంకో సంగతి ఆ పసుపు పచ్చటి ముక్క. జెర్రీ ప్రాణాలకు తెగించి ఎత్తుకుపోయేది, నిండా చిల్లులున్నది. చీజ్ అన్న మాట మాకెవరికీ తెలియదు. అది మైసూర్‌పాక్ అని చెల్లెలు గట్టిగా నమ్మింది. చిల్లులున్నాయిగా మరి. ఇన్నేళ్ళ తర్వాత కూడా హైదరాబాద్‌లో సూపర్‌మార్కెట్ ఫ్రిజ్‌లో ఆ ముక్క కనబడితే నాకు నెయ్యి వాసనే గుర్తొస్తుంది.

*

తాతయ్య మొదట్లో దాన్ని చూసేవాడు కాదు, వినేవాడు. వాకిట్లో ఆయన కుర్చీ, గదిలో మా టీవీ, మధ్యలో గోడ. ఒకరోజు లోపల టామ్ పిల్లిలా నడుస్తున్నాడు. పిల్లే కాబట్టి ఎలాగూ పిల్లిలాగే నడుస్తాడనుకోండి. మునివేళ్ళ మీద ఒక్కో అడుగూ వేస్తుంటే, ఒక్కో అడుగుకీ ఒక్కో తీగ మీటినట్టు చప్పుడు. టొం... టొం... టొం. ఆగాడు. చప్పుడూ ఆగింది. వాకిట్లోంచి తాతయ్య గొంతు:

"ఒరేయ్, అక్కడెవరో మెల్లగా నడిచొస్తున్నారు కదూ?"

"పిల్లి తాతయ్యా."

"ఇప్పుడు పడుతుంది చూడు."

పడింది. ఇస్త్రీ బల్ల, దాని మీద ఇస్త్రీ పెట్టె, ఆ పైన పింగాణీ సామానంతా.

మర్నాటి నుంచి అదొక ఆటైపోయింది. తాతయ్య కుర్చీ గదిలోకి తెచ్చుకుని, టీవీకి వీపు పెట్టి, గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. మేం నోరెత్తకూడదు. ఆయన చెప్పాలి. "మెట్లెక్కుతున్నారు ఎవరో... చిన్న ప్రాణి, గబగబా ఎక్కుతోంది... ఆగింది, కళ్ళు చికిలిస్తోంది... పెద్దది వెనకే వస్తోంది, బరువుగా ఉంది... జారింది! జారింది! ఇంకా జారుతోంది..." పదింటికి ఎనిమిది సార్లు సరిపోయేది. కళ్ళు చికిలించడం కూడా చెప్పేస్తాడేంటా అని మేం నోళ్ళు వెళ్ళబెట్టేవాళ్ళం. జెర్రీ రెప్పలు కొట్టినప్పుడల్లా జలతరంగం గిన్నె మీద పుల్లతో తట్టినట్టు చిన్న చప్పుడు రెండుసార్లు వస్తుందని, అది పట్టుకుంటే ఎవరైనా చెప్పొచ్చని తర్వాత నేర్పాడు.

మంచి దెబ్బ పడితే ఇటు తిరిగి "వన్స్‌మోర్!" అని అరిచేవాడు. టీవీ వినిపించుకునేది కాదు. కానీ ఆ చానెల్ వాళ్ళు వేసిందే వేసేవాళ్ళు కాబట్టి నాలుగు రోజులకో వారానికో ఆ వన్స్‌మోర్ నెరవేరేది.

"మాటల్లేవు, పద్యాల్లేవు, భారమంతా హార్మోనిస్టు మీదే వేశారు" అనేవాడు. ఎక్కడో ఒక మనిషి కూర్చుని ఆ పిల్లిని చూస్తూ అప్పటికప్పుడు వాయిస్తున్నాడని ఆయన ఊహ. అతని మీద జాలి కూడా పడేవాడు. "పిల్లి మాట వింటుందా? నటుడైతే కన్ను గీటి చెప్పొచ్చు, రాగం ఇక ఆపరా అని."

*

నాయనమ్మకు సంగీతంతో పనిలేదు. ఆమెకు కావలసింది ఆ ఇంటావిడ. ముఖం ఎప్పుడూ కనబడదు. లావుపాటి కాళ్ళు, ముడతలు పడ్డ మేజోళ్ళు, చేతిలో చీపురు. ఆవిడ వస్తోందంటే టామ్ వణికిపోయేవాడు. "పాపం, ఇల్లంతా సర్దుకుని అటు తిరిగేసరికి మళ్ళీ కుప్ప చేసి పెడతారు ముండాకొడుకులు" అని నాయనమ్మ ఆవిడ పక్షాన పోట్లాడేది. తన చేతిలోనూ చీపురు ఉండేది మరి. ఆవిడ ఇంటి యజమానురాలనడంలో నాయనమ్మకు ఇసుమంత అనుమానం లేదు.

చాలా ఏళ్ళకు తెలిసింది ఆ కాళ్ళ కథ. అమెరికాలో నల్లజాతి పనిమనిషి అంటే ఇలాగే ఉంటుందని తెల్లవాళ్ళు గీసుకున్న మూస బొమ్మ అది. అప్పట్లోనే అభ్యంతరాలు వచ్చాయట. తర్వాత టీవీల్లో వేసేటప్పుడు కొన్నిచోట్ల ఆవిడ స్థానంలో తెల్లావిడను గీశారు, గొంతులు మార్చారు. మొదట్లో ఆవిడకు గొంతు ఇచ్చిన నటి లిలియన్ రాండాల్ఫ్. ఇవన్నీ చదివాక ఆ బొమ్మల్ని మునుపటిలా చూడలేకపోయాను. అయినా నాయనమ్మ ఆ కాళ్ళను చూసి "ఇల్లు ఆవిడదే" అని తేల్చేసిన తీరు నాకిష్టం. ఆ చానెల్ ముందు కూర్చున్న కోట్ల మందిలో ఆవిడకు ఇల్లు రాసిచ్చిన వాళ్ళు ఎందరుంటారు?

నాయనమ్మను కదిలించిన కార్టూన్ ఇంకోటుంది. క్రిస్మస్ రాత్రి టామ్ జెర్రీని బయట మంచులోకి తరిమి తలుపు వేసేస్తాడు. లోపల వెచ్చగా పడుకోబోతాడు, నిద్ర పట్టదు. లేచి వెళ్ళి చూస్తే జెర్రీ గడ్డకట్టిపోయి ఉంటాడు. ఎత్తుకొచ్చి నిప్పు దగ్గర పెట్టి కాపు పెడతాడు. నాయనమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "వాడు మంచివాడే, ఆకలి అలాంటిది" అంది టామ్ గురించి.

మా ఇంట్లో పిల్లికి ఆకలీ లేదు, మంచితనమూ లేదు. పాలు తాగి బియ్యం బస్తా మీద పడుకునేది. పక్కనుంచి ఎలుక పోతుంటే ఒక కన్ను తెరిచి మూసేది. అందుకని బోను పెట్టేవాళ్ళం. ఎండుకొబ్బరి ముక్కను పొయ్యి మీద కాస్త కాల్చి బోను కొక్కేనికి గుచ్చితే ఆ వాసనకి వచ్చి పడేది. కానీ వినాయకుడి వాహనం కదా, నాయనమ్మ చంపనివ్వదు. పొద్దున్నే నాన్న బోను సైకిలు హ్యాండిల్‌కి తగిలించుకుని కాలవ అవతలి గట్టుకు తీసుకెళ్ళి వదిలి రావాలి. ఒకసారి తోక సగం తెగిన ఎలుక పడింది. వదిలొచ్చారు. మూడో రోజు సగం తోకతో మళ్ళీ బోనులో! నాన్నకు ఒళ్ళు మండిపోయింది. తాతయ్య కుర్చీలోంచి అన్నాడు: "కాలవ గట్టున ఎవరో వన్స్‌మోర్ అని ఉంటారు."

*

ఆ వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం. టీవీలో కార్టూన్ మొదట్లో వచ్చే సింహం గర్జించింది. "తెర లేచింది" అన్నాడు తాతయ్య అలవాటుగా, గోడకేసి తిరిగి. ఆ తర్వాత ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి తనంతట తానే కుర్చీ టీవీ వైపు తిప్పుకున్నాడు.

టామ్ పొడవాటి నల్లకోటు వేసుకుని కచేరీకి వచ్చాడు. పియానో ముందు కూర్చుని, జనానికి నమస్కారం పెట్టి, చాలా పెద్దమనిషి తరహాలో మొదలుపెట్టాడు. పియానో లోపల జెర్రీ నిద్రపోతున్నాడు. సుత్తులు పైకీ కిందికీ ఎగురుతుంటే పక్కతో సహా ఎగిరిపడి లేచాడు. అక్కడి నుంచి గొడవ. కచేరీ ఆపడానికి టామ్‌కు వీల్లేదు, జనం ఉన్నారు. జెర్రీ మూత తీసి వేళ్ళ మీద దబ్బున పడేస్తాడు. మెట్లు ఉండాల్సిన చోట ఎలుకల బోను పెడతాడు. టామ్ కాళ్ళతో కూడా వాయిస్తాడు. వాయిస్తూనే చంపబోతాడు, చంపబోతూనే వాయిస్తాడు.

తాతయ్య ముందుకు వంగి టీవీకి మూరెడు దూరం దాకా వచ్చేశాడు. "ఒరేయ్ అబ్బాయ్, వేళ్ళు చూడరా. వేళ్ళు సరైన మెట్ల మీదే పడుతున్నాయి. ఇది గీసినవాడికి వాయించడం వచ్చు. లేదా వాయించేవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాడు." ఆయన వేళ్ళు తొడ మీద ఆడుతున్నాయి. ఇక చివరి భాగం. జెర్రీ సుత్తుల మీద ఎగురుతూ తనే వాయించేస్తున్నాడు, టామ్ కోటు చిరిగి...

కరెంటు పోయింది.

వేసవిలో మధ్యాహ్నపు కోత మాకు కొత్త కాదు. అయినా ఆ రోజు తాతయ్య తిట్టిన తిట్లు, ఏ వేషం పద్యంలోనూ లేనివి, నేనిక్కడ రాయలేను. ముగింపు ఏమైందో అని రాత్రి దాకా అదే ధ్యాస. చివరికి తనే ఒకటి కల్పించుకున్నాడు. పిల్లీ ఎలుకా ఇద్దరూ కలిసి నమస్కారం పెడతారట. "వాయించిన ఇద్దరూ పెట్టాలి కదా."

రెండు వారాలకు మళ్ళీ వేశారు. ముగింపులో టామ్ చిరిగిన కోటుతో కూలిపోతాడు. జనం చప్పట్లు కొడతారు. ఆ లైటంతా చిన్న కోటు వేసుకున్న జెర్రీ మీద పడుతుంది. నమస్కారం వాడొక్కడే పెడతాడు. తాతయ్య కాసేపు చూసి, "అంతేలే" అన్నాడు. "ఎప్పుడూ అంతే. దండ నటుడికే."

అది 'ది క్యాట్ కాన్సెర్టో' అని, 1946 సంవత్సరానికి ఆస్కార్ గెలుచుకుందని, టామ్ వాయించింది లిస్ట్ అనే హంగరీ సంగీతకారుడి రాప్సొడీ అని నాకు తెలిసేటప్పటికి చెప్పడానికి తాతయ్య లేడు.

*

ఆయన ఆట ఓడిపోయిన రోజొకటుంది. ఎప్పటిలాగే గోడకేసి కూర్చున్నాడు. టామ్ అండ్ జెర్రీయే. కానీ బొమ్మలు కొంచెం వేరేగా ఉన్నాయి, కళ్ళల్లో ఏదో తేడా. చప్పుళ్ళు బావిలోంచి వచ్చినట్టు మోగుతున్నాయి. ఎక్కడో గిన్నె మోత, ఇంకెక్కడో ఈల. తాతయ్య "మెట్లెక్కుతున్నా... కాదు... పడ్డా... కాదే..." అని తడబడ్డాడు. ఇటు తిరిగి చూశాడు. అర నిమిషం చూసి తేల్చేశాడు:

"ఇవాళ హార్మోనిస్టు మారాడ్రా."

మేం నవ్వేశాం. తాతయ్య ఓడిపోయి సాకు చెబుతున్నాడనుకున్నాం. తర్వాత కూడా అప్పుడప్పుడూ అలాంటివి వచ్చేవి. సగం నిమిషంలో కనిపెట్టేసేవాడు. "వాడే, ఆ కొత్తాయన" అనేసి వాకిట్లోకి వెళ్ళిపోయేవాడు.

చాలా ఏళ్ళ తర్వాత, హైదరాబాద్‌లో నైట్ షిఫ్టులు చేసే రోజుల్లో, పనిలేని ఒక తెల్లవారుజామున ఈ కార్టూన్ల చరిత్ర చదువుతూ కూర్చున్నాను. విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా కలిసి 1940లో మొదలుపెట్టారు. మొదటిదాంట్లో పిల్లి పేరు టామ్ కూడా కాదు, జాస్పర్. స్టూడియోలో పేర్ల పోటీ పెట్టి, గెలిచినతనికి యాభై డాలర్లు ఇచ్చి, టామ్ అండ్ జెర్రీ అని పెట్టారు. 1958 దాకా 114 వచ్చాయి, ఏడింటికి ఆస్కార్లు. గుండెలు పగిలేలా టామ్ పెట్టే ఆ కేక వేరే ఎవరిదో కాదు, సాక్షాత్తూ హన్నాదే. ఇదంతా ఊరికే కిందికి తోసుకుంటూ పోతున్నాను. అంతలో ఒక లైను దగ్గర వేలు ఆగిపోయింది.

1961, 62 సంవత్సరాల్లో వచ్చిన 13 కార్టూన్లు అసలు అమెరికాలో తీసినవే కావు. జీన్ డీచ్ అనే ఆయన అప్పటి చెకొస్లొవేకియాలోని ప్రాగ్‌లో తీశాడు. డబ్బు తక్కువ, మనుషులు కొత్త. సంగీతం పాతాయనది కాదు. చప్పుళ్ళు కూడా ఎలక్ట్రానిక్ పద్ధతిలో కొత్తగా చేయించినవి.

కుర్చీలో వెనక్కి వాలిపోయాను. పక్క సీటతను ఏమైంది బ్రో అన్నాడు. మా తాతయ్య గెలిచాడు అన్నాను. అతనికేం అర్థమవుతుంది?

పాతాయన పేరు స్కాట్ బ్రాడ్లీ. 1891లో ఆర్కన్సా రాష్ట్రంలో పుట్టాడు. ఒకటీ అరా తప్ప ఆ పద్దెనిమిదేళ్ళ కార్టూన్లకూ ఆయనే సంగీతం. తాతయ్య ఊహించినట్టు పిల్లిని చూస్తూ అప్పటికప్పుడు వాయించింది కాదు. సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేములు. టామ్ ఒక్క అడుగు ఎన్ని ఫ్రేముల్లో పడాలో హన్నా ముందే లెక్కగట్టి కాగితం మీద రాసేవాడు. ఆ లెక్క మీద బ్రాడ్లీ స్వరాలు రాసేవాడు. ఆర్కెస్ట్రా మొత్తం కూర్చుని ఒక ఎలుక తుమ్ముకి సరిగ్గా తాళం వేయాలి. ఏడు నిమిషాల సినిమాకు అంత తంటా. అంటే పిల్లి అతని మాట వినేది, తాతయ్యా. కన్ను గీటాల్సిన పని లేకుండా ముందే మాట్లాడుకున్నారు.

ఇంకోటి కూడా చదివాను. 1957లో ఆ స్టూడియోలో కార్టూన్ విభాగాన్ని మూసేశారు. పాత కార్టూన్లనే మళ్ళీ థియేటర్లకు పంపితే కొత్తవాటికి దాదాపు సమానంగా డబ్బులొస్తున్నాయని లెక్క చూశారట. జనం వన్స్‌మోర్ అంటుంటే ఇంకొత్త నాటకం ఎందుకని. హన్నా, బార్బెరా టీవీకి వెళ్ళిపోయి వేరే దుకాణం పెట్టుకున్నారు. బ్రాడ్లీ పని మానేసి విశ్రాంతి తీసుకున్నాడు.

తాతయ్యకు ఎవరూ అలా మూసేశామని చెప్పలేదు. ఒక ఏడాది ఆరు పిలుపులు వచ్చాయి, మరుసటి ఏడాది రెండు, ఆ తర్వాత ఒకటి. ఆ ఒక్కటీ వానకు ఆగిపోయింది. నాటక సమాజంలో వేషాలు కట్టేవాళ్ళు ఒకరు కిరాణా కొట్టు, ఒకరు చిట్టీలు. దుర్యోధనుడు మటుకు అప్పుడప్పుడూ సాయంత్రాలు మా వాకిట్లోకి వచ్చి కూర్చునేవాడు. ఒకసారి ఆయన ఉండగానే టీవీలో టామ్ మెట్ల మీద నుంచి దొర్లాడు. తాతయ్య ఆయనకేసి ఓరగా చూశాడు. ఆయన, "నీ వేషాలు నాకు తెలుసులే" అన్నాడు. ఇద్దరూ చాలాసేపు నవ్వారు. అప్పటికి ఇద్దరికీ పళ్ళు సగం లేవు.

*

చెల్లెలు నవ్వు ఆపి నిచ్చెన వేసింది. హార్మోనియం ఇద్దరం కలిసి దింపాం. అనుకున్నదానికంటే బరువు. అమ్మ వచ్చి చూసి, కొంగుతో పైన దుమ్ము తుడిచి, "అయ్యో, మామయ్యగారు చూస్తే ఏమనేవారో" అంది. ఏమనేవారో ముగ్గురికీ తెలుసు. ఆ ఎలుక ఏ మెట్టు నుంచి ఏ మెట్టుకు పరిగెత్తిందో అడిగేవాడు.

సాయంత్రం హార్మోనియాలు బాగుచేసే ఆయన వచ్చాడు. ఊళ్ళో ఇప్పుడు ఆ పని చేసేవాళ్ళు వెతికితే గానీ దొరకలేదు. వెనక చెక్క విప్పి, టార్చి వేసి చూసి, నాలుక చప్పరించాడు. తిత్తి కొత్తది వేయొచ్చట. రీడ్లు నాలుగు పోయాయి, మిగతావి శుభ్రం చేస్తే పలుకుతాయట. ఒక రీడు నోటి దగ్గర పెట్టుకుని ఊదాడు. సన్నగా, బొంగురుగా, పలికింది. అమ్మ వంటింట్లోంచి బయటకొచ్చింది.

"ముందు ఎలుక సంగతి చూడండి సార్" అన్నాడాయన. "అది ఇంట్లో ఉండగా నేను కొత్త తిత్తి వేసినా లాభం లేదు. వారం తిరక్కుండా మళ్ళీ కొరుకుద్ది."

బోను పాత సామాన్లలోనే ఉంది. తుప్పు పట్టింది గానీ స్ప్రింగు బాగానే ఉంది. అమ్మ ఎండుకొబ్బరి ముక్క పొయ్యి మీద కాల్చి ఇచ్చింది. చెల్లెలు మైసూర్‌పాక్ పెట్టమంది. వినలేదు. కొబ్బరి గుచ్చి, అటక కింద గోడవారన పెట్టి పడుకున్నాం. ఖాళీ ఇల్లు కాబట్టి ప్రతి చప్పుడూ రెండింతలుగా వినబడుతోంది. అర్ధరాత్రి దాటాక మొదలైంది. చిన్న అడుగులు, గబగబా. ఆగాయి. మళ్ళీ నాలుగు అడుగులు. ఆగాయి. చీకట్లో చెల్లెలు గొంతు, "బోను దగ్గరికొచ్చింది."

"ష్."

"వాసన చూస్తోంది."

"ష్ అంటున్నానా."

టప్‌మని బోను పడింది. ఇద్దరం ఒక్కసారే లేచాం. లైటేసి చూస్తే బోను తలుపు గట్టిగా మూసుకుని ఉంది. లోపల ఎలుక లేదు. కొబ్బరి ముక్కా లేదు.